తాలు దిమ్మెలు

మా తాతగారి పత్తి మిల్లు అమ్మేసినప్పుడు దస్తావేజులో అన్నీ రాశారు: గింజ తీసే యంత్రాలు, బాయిలరు, పొగ గొట్టం, కాటా, గోడౌన్లు, చివరికి రెండు వేపచెట్లు కూడా. మిల్లు వెనక ఉన్న అరెకరాన్ని మాత్రం కొన్నాయన వద్దన్నాడు. ముప్పై ఏళ్ళుగా బాయిలరు కింద కాలిన బొగ్గు బూడిదా, గడ్డకట్టిన నల్లటి చిట్టెమూ అంతా అక్కడే పోశారు. డాబా ఎత్తున దిబ్బ పేరుకుంది. దాన్ని ఎత్తిపోయించడం దండగని ఆయన వదిలేశాడు. అలా అది మాకు మిగిలింది.

నాన్నగారు పోయాక నా పేరు మీదికి వచ్చిన ఆస్తి ఆ దిబ్బే. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. రోజూ సాయంత్రం ఇస్త్రీ పంచె కట్టుకుని, తాతగారి గొడుగు పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళేవాణ్ణి. ఎవరి అరుగు మీదా కూర్చునేవాణ్ణి కాదు. ఒకప్పుడు వాళ్ళందరూ మా అరుగు కిందికి వచ్చి నిలబడినవాళ్ళే. కాఫీ హోటలు దగ్గర కుర్రాళ్ళు "బూడిద జమీందారు వస్తన్నాడ్రోయ్" అనుకునేవారు. నాకు వినపడేది. నడక మార్చేవాణ్ణి కాదు.

మా ఊరు పర్చూరు నుంచి చిలకలూరిపేట వైపు వెళ్ళే బండిదారిలో ఉంది. ఊళ్ళో పిల్లలకి అయిదో తరగతితో చదువు ఆగిపోయేది. యాభైల చివర్లో ఒక మాఘమాసంలో స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు వచ్చి పంచాయతీ సభలో ఒక మాట చెప్పాడు. జూన్‌లో బళ్ళు తెరిచేనాటికి రెండు గదులు పైకప్పుతో సహా నిలబడితే ఆరో తరగతి మా ఊరికి వస్తుంది, లేకపోతే పక్క ఊరికి ఇచ్చేస్తారు. మట్టి గోడలు పనికిరావు.

మాది నల్లరేగడి. ఆ మట్టితో ఇటుక కోస్తే ఆరకముందే పగుళ్ళిస్తుంది. మంచి ఇటుక కృష్ణ ఒడ్డు నుంచి రావాలి. ఇక సిమెంటు అంటే పర్మిట్టు. పల్నాటి వైపు రాయి తవ్వి సిమెంటు చేస్తున్నారని వినడమే గానీ, ఒక్క బస్తా కావాలన్నా అర్జీ పెట్టుకుని నెలల తరబడి కూర్చోవాలి. సభలో అందరూ నేల చూపులు చూస్తున్నారు.

పంచాయతీ ప్రెసిడెంటు మా మిల్లు కొన్నాయనే. ఒకప్పుడు మా కాటా దగ్గర చేతులు కట్టుకుని నిలబడిన కమీషను వ్యాపారి. ఆయన నా వైపు తిరిగాడు.

"మిల్లు కూత మొదటిసారి కూసిన రోజున ఈ ఊరికి బడి నేను కడతానని వీళ్ళ తాతగారు అందరి ముందరా అన్నారు. మా నాన్న విన్నాడు, నేనూ విన్నా. ఏం చిన్నదొరగారూ, అవునా కాదా?"

నవ్వులు వినిపించాయి. నేను లేచి నిలబడ్డాను.

"అవును. కడతాం."

"దేంతో కడతారు బాబూ? బూడిదతోనా?"

ఈసారి ఇన్‌స్పెక్టరు వెంట వచ్చిన జవాను కూడా నవ్వాడు. నేను గొడుగు తీసుకుని వచ్చేశాను. అన్న మాట వెనక్కి తీసుకోవడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. ఆ మాటను నిలబెట్టే దారి కూడా ఎవరికీ తెలియదు. తాతగారికీ తెలియదు. బడి కట్టకుండానే పోయారు.

మర్నాడు పొద్దున్నే ముసలి సాయిబు మేస్త్రి మా ఇంటికి వచ్చాడు. తాతగారి మిల్లు గోడలు కట్టింది ఆయనే. కళ్ళకి పొర కమ్మి మనిషిని గొంతునుబట్టే గుర్తుపట్టేవాడు.

"రాత్రి మా వాడు చెప్పాడు బాబుగారూ, సభలో నవ్వారంట గదా. నవ్వనీండి. బూడిదతోనే కట్టొచ్చు. బాపట్ల కాడ రైలు క్వార్టర్లు కట్టినప్పుడు ఇంజను బూడిదే కలిపాం. ఇయ్యాళ్టికీ మేకు దిగదు ఆ గోడల్లో."

ఆయన చెప్పిన పద్ధతి ఇది. బూడిద జల్లించాలి. చిట్టెం దంచాలి. పిడుగురాళ్ళ బట్టీల్లో అడుగున మిగిలే పొడి, సగం కాలిన గడ్డలు వెల్లకి పనికిరావని పక్కన పారేస్తారు, ఆ సున్నం తెప్పించాలి. రెండూ కలిపి నీళ్ళు పోసి గానుగలో ఆడించాలి. ఆ ముద్దని కొయ్య అచ్చుల్లో కూరి దిమ్మిసతో కొడితే దిమ్మెలు వస్తాయి. మూరెడు పొడవు, జానెడు ఎత్తు. అదే ముద్ద గోడ కట్టడానికి అడుసుగా కూడా పనికొస్తుంది. పారబోసిన రెండు చెత్తలు తప్ప అందులో ఇంకేమీ లేదు.

రైతులు బళ్ళు ఇచ్చారు. పిడుగురాళ్ళ నుంచి సున్నం వచ్చింది. పాత సున్నపు గానుగ రాతిచక్రాన్ని మేస్త్రి ఎక్కడో ముళ్ళకంపలోంచి దొర్లించుకొచ్చి, దిబ్బ పక్కన గుండ్రంగా కాలవ తవ్వి నిలబెట్టాడు. ఎడ్లు తిరిగాయి. పనికి పదిమంది ఆడవాళ్ళ ముఠా కుదిరింది. మిరపకాయ కోతలు, కళ్ళాల పనీ చేసేవాళ్ళు. ముఠా పెద్ద యాభై దాటిన మనిషి. ఎడమచేతి బొటనవేలు గోరు లేదు. ఆమె మాటకి మిగతా తొమ్మిదిమందీ ఒక్క అడుగుగా కదిలేవారు.

పది రోజుల్లో మేస్త్రి వాళ్ళకి దిమ్మె కొట్టడం నేర్పాడు. ఆ తర్వాత కంట్లో పొర తీయించుకోడానికి ఆయన గుంటూరు వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళేముందు నన్ను పక్కకి పిలిచాడు.

"ఇది ఇటుక కాదు బాబుగారూ. ఎండితే చచ్చిపోద్ది. నెల్లాళ్ళు నీడలో పెట్టి, గోనెలు కప్పి, రెండు పూటలా తడపాలి. తడి ఉన్నంతకాలం గట్టిపడతానే ఉంటది. పైన తెల్లగా ఉప్పు పూసినట్టు వచ్చిద్ది, దానికి భయపడొద్దు. ఇదంతా ముఠావాళ్ళకి మీరే దగ్గరుండి చెప్పాలి. నేను అచ్చు కొట్టడం చూపించా గానీ దీని సంగతి ఇంకా చెప్పలా."

"చెప్తాలే."

మర్నాడు దిబ్బ దగ్గరికి వెళ్ళాను. వాళ్ళు పనిలో ఉన్నారు. పది గజాల దూరంలో గొడుగు నీడలో నిలబడ్డాను. ముఠా పెద్ద కొంగు దులుపుకుని దగ్గరికి రాబోయింది. చేతులకి సున్నం, మోకాళ్ళదాకా బూడిద. కూలివాళ్ళ మధ్య నిలబడి గోనెల గురించీ తడపడం గురించీ మాట్లాడటం నావల్ల కాలేదు. దూరం నుంచే చెప్పాను:

"జాగ్రత్తగా చూసుకోండి. ఒక్కటి కూడా పాడవకూడదు."

"అట్టాగే బాబూ. మా బిడ్డల్లాగ చూసుకుంటాం."

అంతే చెప్పాను. ఇంకేమీ చెప్పలేదు.

వాళ్ళు చాలా జాగ్రత్తగా చూసుకున్నారు. పుట్టినప్పట్నించీ వాళ్ళకి తెలిసిన జాగ్రత్త ఒక్కటే, కళ్ళంలో మిరపకాయకి చేసే జాగ్రత్త. కాయకి తడి తగిలితే బూజు పడుతుంది, రంగు పోతుంది, పంట పోతుంది. అందుకని దిమ్మెల్ని ఎండ బాగా తగిలే చోట వరసలుగా పరిచారు. పొద్దున ఒక పక్క, మధ్యాహ్నం ఇంకో పక్క తిప్పారు. సాయంత్రం మంచు పడుతుందని ఒక చోట పేర్చి తాటాకు చాపలు కప్పారు, పొద్దెక్కగానే మళ్ళీ పరిచారు. చైత్రంలో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. ఆ రోజు పని లేదు. అయినా పదిమందీ ఊరి బయట ఉన్న వాళ్ళ పల్లె నుంచి పరుగెత్తుకొచ్చి, వాళ్ళ ఇళ్ళలోని చాపలు కూడా తెచ్చి కప్పారు. నేను మా డాబా మీదనుంచి చూశాను. మంచివాళ్ళే దొరికారనుకున్నాను.

ఎక్కడన్నా ఒక దిమ్మె మీద తెల్లగా మచ్చ కనిపిస్తే దాన్ని పక్కకి తీసేవారు. కళ్ళంలో రంగు పోయి తెల్లబారిన తాలు కాయల్ని ఏరేసినట్టే. ఆ తాలు దిమ్మెల్ని గానుగ ఎడ్లు నీళ్ళు తాగే తొట్టి పక్కన బురదలో పారేశారు. తొట్టి కారుతూ ఉండేది.

నెల దాటాక మేస్త్రి తిరిగొచ్చాడు. కంటికి ఆకుపచ్చ గుడ్డ తెర. బండి దిగి నేరుగా దిబ్బ దగ్గరికి వచ్చాడు. నేనూ వెళ్ళాను. మిల్లు వెనక గుమ్మం తెరుచుకుని ప్రెసిడెంటు కూడా చూడటానికి వచ్చాడు. వరసల్లో పేర్చిన దిమ్మెలు చూడటానికి ఎంతో బాగున్నాయి. మేస్త్రి తాపీ తిరగేసి ఒకదాని మీద కొట్టాడు. మెత్తటి చప్పుడు వచ్చింది. గోటితో గీరాడు. పిండి రాలింది. ఇంకొకటి చేతుల్లోకి తీసుకుని వదిలాడు. నేల మీద మూడు ముక్కలై కుప్పగా పడింది.

"తడపలేదా?" అన్నాడు. ఆయన అడిగింది నన్ను.

ముఠా పెద్ద ముందుకొచ్చింది. "తడపడమేంది సాయిబూ? చుక్క తడి తగలనిచ్చామా? వానొస్తే మా చాపలు కూడా కప్పాం గదా."

ప్రెసిడెంటు పకపకా నవ్వాడు. "ఓరి మీ అఘాయిత్యం కూలా! మిరపకాయలనుకున్నారా ఏంది వీటిని?"

ఆ నవ్వు వాళ్ళ మీద ఉంది. ఇంకో క్షణంలో అది నా మీదికి తిరుగుతుందని నాకు తెలుసు.

"తడపమని చెప్పాను గదా," అన్నాను.

ముఠా పెద్ద నా వైపు చూసింది. "మీరు చెప్పలేదు బాబూ."

"చెప్పాను. మీరు వినలేదు. అంతా పాడుచేశారు. రేపట్నించి రావక్కర్లేదు."

"వాళ్ళకేం తెలుసండీ, వదిలెయ్యండి," అన్నాడు ప్రెసిడెంటు, గుమ్మంలోకి వెళ్ళిపోతూ. ఆడవాళ్ళు చాపలు చుట్టుకుని వెళ్ళిపోయారు. ఒక్కరూ గొడవపడలేదు. మేస్త్రి నేల మీది ముక్కల్ని కాలితో ఒక పక్కకి నెడుతూ ఉండిపోయాడు.

ఆ సాయంత్రమే ఎడ్లకి నీళ్ళు చూడబోయిన మేస్త్రి కాలికి బురదలో ఒక దిమ్మె తగిలింది. పైకి తీసి తాపీతో కొట్టాడు. ఖంగుమంది. రాయి మీద కొట్టినట్టు తాపీ చివర వంగింది. మొత్తం నలభైకి పైగా దొరికాయి అక్కడ. ఆయన వాటిని కడిగి వరసగా పెట్టాడు.

"పద్ధతి తప్పు కాదు బాబుగారూ," అన్నాడు. "చూశారుగా. ఎండినవాటిని దంచి, కొత్త సున్నం కలిపి మళ్ళీ ఆడిద్దాం. జూన్‌కి రెండు నెల్లు లేవు. ముఠాని పిలిపించండి."

కబురు పంపాను. రాలేదు. ఇంకో ముఠాని అడిగించాను, వాళ్ళూ రాలేదు. పక్క ఊరి నుంచి కూడా ఎవరూ రాలేదు. కారణం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మేస్త్రీ, నేనూ మొదలుపెట్టాం. పంచె విప్పి పాత లుంగీ కట్టుకున్నాను. ఊరంతా చూస్తుంటే బూడిద జల్లించాను. సిగ్గనిపించాల్సింది. ఏమీ అనిపించలేదు. సున్నానికి వేళ్ళ మధ్య చర్మం లేచిపోయింది, అది కూడా ఎవరి చెయ్యో కాలినట్టు ఉండేది. ఇద్దరం కలిసి రోజుకి పాతిక దిమ్మెలు కొట్టగలిగేవాళ్ళం. రెండు గదులకి ఎన్ని కావాలో మేస్త్రికి తెలుసు. ఆయన పైకి చెప్పేవాడు కాదు.

పన్నెండో రోజున పల్లెకి వెళ్ళాను. అంతకుముందు ఎప్పుడూ వెళ్ళలేదు. ముఠా పెద్ద గుడిసె ముందు కూర్చుని చేటలో జొన్నలు చెరుగుతోంది. నన్ను చూసి లేవలేదు.

"రేపట్నించి పని ఉంది," అన్నాను.

"పని ఉందని చెప్పడానికి తమరే వచ్చారా ఇంతదూరం?"

ఆమె చేట రెండుసార్లు ఎగరేసింది. పొట్టు నా కాళ్ళ మీద పడింది.

"ఒకటి అడుగుతా, చెప్పండి. ఆ రోజు మీరు తడపమని చెప్పారా, చెప్పలేదా?"

పక్క గుడిసెల్లోంచి నలుగురైదుగురు బయటికి వచ్చి నిలబడ్డారు. నా వీపు నిటారుగానే ఉంది. అది నాకు తెలుస్తూ ఉంది.

"చెప్పలేదు," అన్నాను.

"ఇది మాకు తెలిసిందే గదా. తెలియనోళ్ళకి చెప్పండి. ఈ ముఠాకి పని చేతగాదని ఊరంతా అనుకుంటంది. కాయ కోతలకి మమ్మల్ని పిలవాల్సిన ఆసాములు కూడా నవ్వతన్నారు. ఆ పెసిడెంటు ముందర అన్నారు గదా, ఆయన ముందరే అనండి. ఎల్లుండికల్లా వచ్చేస్తాం."

మర్నాడు పొద్దున కాఫీ హోటలుకి వెళ్ళాను. ప్రెసిడెంటు బల్ల దగ్గర కూర్చుని పేపరు చదువుతున్నాడు. చుట్టూ పదిమందిదాకా ఉన్నారు. నేను ఆ హోటలు గడప తొక్కడం అదే మొదటిసారి కాబట్టి అందరూ మాటలు ఆపేశారు.

"దిమ్మెల్ని తడపమని ముఠావాళ్ళకి నేను చెప్పలేదు," అన్నాను. "మేస్త్రి నాతో చెప్పాడు. నేను వాళ్ళతో చెప్పలేదు. ఆ రోజు చెప్పానన్నది అబద్ధం."

ప్రెసిడెంటు పేపరు దించాడు.

"దీనికోసం వచ్చారా? కూర్చోండి, కాఫీ తాగండి. ఒరేయ్, చిన్నదొరగారికి కాఫీ పట్రా."

"వద్దు."

"కూలోళ్ళతో వంద అంటాం, వంద పడతాం. ఇంత పట్టింపా? అచ్చం తాతగారే మీరు."

ఆయన అది మెచ్చుకోలుగానే అన్నాడు. బయటికి వచ్చేశాక లోపల మళ్ళీ మాటలు మొదలయ్యాయి. అవి నా గురించేనా అని ఆగి వినలేదు. ఒకటి మాత్రం గమనించాను. ఆ మాట అనేస్తే ఏదో కూలిపోతుందని పన్నెండు రోజులు అనుకున్నాను. ఏదీ కూలలేదు, ఏదీ తేలికపడనూ లేదు.

అన్నట్టే ఆ మర్నాడు పదిమందీ వచ్చారు. ఈసారి మేస్త్రి నిలబడే ఉన్నాడు. నేనూ వాళ్ళ పక్కనే నిలబడి, ఏది ఎందుకు చెయ్యాలో ఆయన చెప్పిందంతా వాళ్ళతోపాటు మళ్ళీ విన్నాను. ముఠా పెద్ద నాకంటే ఎక్కువ ప్రశ్నలు అడిగింది. తాటాకు పందిరి వెయ్యించాం. పత్తి బేళ్ళకి చుట్టే చిరుగు గోనెలు మిల్లు నుంచి తెచ్చి కప్పాం. ఎండాకాలం నీళ్ళు లోతుకి పోయాయి. చేదలు తోడి తోడి ఆడవాళ్ళ అరచేతులు పగిలాయి. తెల్లమచ్చ వచ్చిన దిమ్మె కనిపిస్తే "ఇది పండింది" అని వాళ్ళలో వాళ్ళు అనుకునేవారు.

జూన్‌లో ఇన్‌స్పెక్టరు వచ్చేనాటికి ఒక గది పూర్తయింది. బంగళాపెంకు కప్పాం. రెండో గది పునాది దగ్గరే ఉంది. నెల నానిన దిమ్మెలు అంతకే సరిపోయాయి. మిగతావి ఇంకా గోనెల కింద ఉన్నాయి. వాటిని ముందే తీసి గోడ లేపేద్దామని ప్రెసిడెంటు పట్టుబట్టాడు. "పైకి కనపడుద్దా ఏంది?" అన్నాడు. మేస్త్రి నా వైపు చూశాడు. నేను వద్దన్నాను.

ఇన్‌స్పెక్టరు గోడ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తన జవాను చేత మేకు కొట్టించాడు. మేకు వంగింది.

"సిమెంటు ఎంత పట్టింది?"

"అసలు కలపలేదండీ," అన్నాడు మేస్త్రి.

ఆయన నమ్మలేదనుకుంటాను. కానీ రెండు గదులన్నది ఆయన షరతు, ఉన్నది ఒకటే. చాలాసేపు కాగితాలు తిరగేశాడు. చివరికి ఆ ఏడాదికి ఆరో తరగతి ఒక్కటి మాత్రం నడుపుకోమన్నాడు. వచ్చే జూన్‌కి రెండో గది లేకపోతే అది కూడా పక్క ఊరికి పోతుంది. అలాగని రాసి నా చేత సంతకం పెట్టించుకున్నాడు.

బడి తెరిచిన రోజున వేదిక వేశారు. నాకు కుర్చీ వేశారు. ప్రెసిడెంటు మైకులో, ఈ ఊరికి ఆనాడు ఇచ్చిన మాట ఈనాటికి నెరవేరిందన్నాడు. నన్ను కూడా రెండు ముక్కలు మాట్లాడమన్నారు. ఈ దిమ్మెలు కొట్టిందీ, తడిపిందీ ఫలానా ముఠా ఆడవాళ్ళనీ, మొదటిసారి పాడైన తప్పు నాదనీ చెప్పాను. చప్పట్లు కొట్టారు. నేను ఏం చెప్పినా కొట్టేవారు. ఎదురుగా చూస్తే ఆ పదిమందిలో ఒక్కరూ లేరు. తొలకరి పడింది, వాళ్ళు పెంట చల్లడానికి పొలాలకి పోయారు. మా ఇంటి మాట నిలిచిందన్న గర్వం వస్తుందేమోనని కుర్చీలో కూర్చుని ఎదురుచూశాను. ఎండకి మైకు కీచుమంటూ ఉంది. పిల్లలు లోపలికి వెళ్ళారు.

సభ అయ్యాక పొలం గట్టున నడుచుకుంటూ వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. అక్కడికి వెళ్ళాలని ముందుగా అనుకోలేదు. ముఠా పెద్ద తట్ట దించి చెమట తుడుచుకుంది.

"తెరిచారా?"

"తెరిచారు. ఇరవై ముగ్గురు చేరారు."

"రెండో గది ఎప్పుడు?"

"చలికాలంలో మొదలుపెట్టాలి."

"అట్టయితే కాయ కోతలు తగలకముందే చెప్పండి. కోతలు మొదలైతే మా వాళ్ళు రారు. ఇంకోటి, నీళ్ళు అంతదూరం నుంచి మొయ్యలేం. దిబ్బ కాడే బావి తవ్వించండి. తవ్విస్తారా?"

"తవ్విస్తాను."

"ఎవరు తవ్వాలో, ఎప్పుడో అది కూడా చెప్పండి," అంది ఆమె తట్ట ఎత్తుకుంటూ.

చెప్పాను. ఆమె మధ్యలో రెండుసార్లు ఆపి అడిగింది. తెలిసినంతవరకు చెప్పాను, తెలియనివి మేస్త్రిని అడిగి వస్తానన్నాను.